హత్రా: ఎడారి కోట నగరం

హత్రా ఉత్తర ఇరాక్‌లోని పొడినేలల్లో, క్రీస్తు శకం తొలి మూడు శతాబ్దాల్లో వర్ధిల్లిన ప్రాకార నగరం. అరబ్బీలో దీన్ని అల్ హద్ర్ అంటారు. పార్థియన్ సామ్రాజ్యపు నీడలో స్థానిక అరబ్బు ప్రభువులు దీన్ని ఏలారు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, సెప్టిమియస్ సెవరస్ స్వయంగా సేనలు నడిపించి ముట్టడించినా లొంగలేదు. 240–241 ప్రాంతంలో ససానియన్లకు చిక్కి పాడుబడింది, మళ్లీ కోలుకోలేదు. 1985లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇరాక్ నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి స్థలం ఇదే.

ఈ నగరం ఎదగడానికి వర్తక సంపదను, నిలవడానికి గోడల బలాన్ని, కూలడానికి ద్రోహాన్ని కారణాలుగా చెప్పడం పరిపాటి. శాసనాలను, తవ్వకాల ఫలితాలను, సమకాలీన రచనలను కలిపి చూస్తే ఈ మూడూ పాక్షిక వివరణలే అనిపిస్తుంది. నగరం చుట్టూ నీళ్లు లేని నేల ఉంది, లోపల బావులున్నాయి, ఇరువైపులా రెండు సామ్రాజ్యాలున్నాయి. ముట్టడించినవాడు ఎక్కువ రోజులు నిలవలేనంత కాలం, పొరుగు సామ్రాజ్యం దాని స్వయంపాలనను భరించినంత కాలం హత్రా నిలిచింది. ఈ రెండు పరిస్థితులూ దాదాపు ఒకే తరంలో మారిపోవడంతో కూలింది. ఈ వ్యాసం హత్రా చరిత్రను ఆ కోణంలో పరిశీలిస్తుంది.

1. ఉనికి, నైసర్గిక స్థితి

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల ఎగువ భాగాల మధ్య ఉన్న ప్రాంతాన్ని అల్ జజీరా అంటారు. హత్రా శిథిలాలు అందులోనే, మోసుల్‌కు నైరుతిగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, బాగ్దాద్‌కు వాయవ్యంగా సుమారు 290 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పాత అసిరియన్ రాజధాని అషూర్ తూర్పున టైగ్రిస్ ఒడ్డున, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరానికి పడమరగా కొన్ని కిలోమీటర్ల దూరంలో వాదీ థర్థార్ అనే వాగు పారుతుంది. దాని నీరు ఉప్పన.

ఇది ఇసుక తిన్నెల ఎడారి కాదు. చలికాలపు వానలకు గడ్డి మొలిచి, వేసవికి మాడిపోయే మైదానం. సంచార పశుపాలకుల మందలకు కొన్ని నెలలు మేత దొరుకుతుంది గాని, వేల మంది సైనికులకూ గుర్రాలకూ ఏడాది పొడుగునా సరిపడే తిండి, నీరు, కలప ఇక్కడ దొరకవు. నగరం లోపల మాత్రం బావులు తవ్వుకున్నారు, పల్లపు చోట వాననీరు నిలిచేది. ప్రాకారానికి లోపలా బయటా నీటి విషయంలో ఉన్న ఈ తేడా తరవాతి యుద్ధాలన్నిటిలో కీలకమైంది. (చూ. 5. రక్షణ ఏర్పాట్లు, 6. రోమన్ ముట్టడులు)

2. ఆవిర్భావం, ఎదుగుదల

హత్రా తొలి దశ గురించిన ఆధారాలు తక్కువ. తేదీ వేసిన శాసనాల్లో అధిక భాగం 2, 3 శతాబ్దాలవే. వాటిలో సెల్యూసిడ్ శకం వాడారు. పెద్ద రాతి కట్టడాలకు ముందు ఇక్కడ పచ్చి ఇటుకల నివాసాలు ఉండేవని లోతైన తవ్వకాల్లో తేలింది. చుట్టుపక్కల తిరిగే తెగలు మొక్కులు తీర్చుకోవడానికి, ఒప్పందాలు కుదుర్చుకోవడానికి కూడే పుణ్యక్షేత్రంగా ఈ చోటు మొదలై, క్రమంగా ఊరయిందని కట్టడాల అమరికను బట్టి భావించవచ్చు. నగరం నడిబొడ్డున ఉన్నది రాజభవనం కాదు, సువిశాలమైన దేవాలయ ప్రాంగణం. ఇక్కడ ముద్రించిన నాణేల మీద కూడా రాజు పేరుకు బదులు, ఇది సూర్యదేవుడు షమష్‌కు చెందిన హత్రా అన్న అర్థం గల అరమాయిక్ అక్షరాలు కనిపిస్తాయి.

పాల్మైరా, పెట్రాలలాగే హత్రా కూడా బిడారు వర్తకంతో బాగుపడిన నగరమనే వాదం చాలాకాలం ప్రచారంలో ఉంది. ఇన్ని రాతి కట్టడాలకు కావలసిన ధనం పశుపోషణ నుంచి రాదన్నది ఆ వాదానికి మూలం. అయితే పాల్మైరా శాసనాలు బిడారు నాయకులను, వారిని కాపాడిన దాతలను పదేపదే కీర్తిస్తాయి. హత్రాలో దొరికిన వందల అరమాయిక్ శాసనాల్లో దేవుళ్లు, ప్రభువులు, పూజారులు, శిల్పులు ఉన్నారు గాని, బిడారు వర్తకానికి అలాంటి చోటు లేదు. నాటి ముఖ్య మార్గాలు కూడా నదుల వెంబడి గాని, ఉత్తరాన సింగారా, నిసిబిస్ మీదుగా గాని సాగేవి. కాబట్టి వర్తకం పాత్ర బొత్తిగా లేదనలేకపోయినా, ప్రధాన ఆధారం మరొకటి అయి ఉండాలి. గుడికి వచ్చే కానుకలు, తెగల మీద ప్రభువులకున్న అధికారం, ఎడారి అంచును అదుపులో పెట్టినందుకు పార్థియన్లు ఇచ్చిన స్వేచ్ఛ కలిసి నగరాన్ని పోషించాయని చెప్పడానికి శాసనాల బలం ఉంది.

3. నగర నిర్మాణం

నగరం దాదాపు వలయాకారంలో, సుమారు 2 కిలోమీటర్ల వ్యాసంతో ఉంటుంది. దాని విస్తీర్ణం సుమారు 300 హెక్టార్లు. నడుమ ఉన్న దేవాలయ ప్రాంగణం దీర్ఘచతురస్రం. దాని పొడవు సుమారు 440 మీటర్లు, వెడల్పు 320 మీటర్లు. ప్రాంగణాన్ని ఒక అడ్డగోడ రెండు భాగాలు చేస్తుంది. తూర్పున విశాలమైన ఖాళీ స్థలం ఉంటుంది, పడమర భాగంలో ప్రధాన ఆలయాలున్నాయి. పండుగలకు వచ్చే జనసమూహం ఆ ఖాళీ స్థలంలో కూడేదని పండితులు భావిస్తారు. ప్రాంగణం బయట, ఇళ్ల మధ్య చిన్న గుళ్లు 14 దాకా బయటపడ్డాయి. ఒక్కొక్క గుడి ఒక్కొక్క వంశానికో తెగకో చెందినదై ఉండవచ్చు.

ప్రధాన ఆలయాలకు ప్రత్యేకత తెచ్చినవి ఇవాన్‌లు. మూడు వైపులా గోడలుండి, ఒక వైపు పూర్తిగా తెరిచి ఉండే ఎత్తయిన కమాను కప్పు మండపాన్ని ఇవాన్ అంటారు. పార్థియన్లు సాధారణంగా ఇటుకతో కట్టిన ఈ రూపాన్ని ఇక్కడ చెక్కిన రాతితో కట్టారు. వాటి పక్కనే గ్రీకు, రోమన్ పద్ధతిలో స్తంభాల వరసలు, త్రికోణపు ముఖభాగాలు ఉన్న ఆలయాలూ నిలిచాయి. విగ్రహాల్లోనూ ఈ కలయిక ఉంది. దేవతల రూపాల్లో గ్రీకు పోలికలు కనిపిస్తాయి. రాజులు, ప్రముఖులు మాత్రం పార్థియన్ పద్ధతిలో కుచ్చుల పైజామా, బిగుతు అంగీ ధరించి, కుడిచేయి ఎత్తి భక్తితో నిలబడి ఉంటారు. రాజు సనత్రుక్ కుమార్తె దుష్‌ఫరి విగ్రహం మీద 238కి సరిపోయే తేదీ ఉంది. అంటే పతనానికి రెండు మూడేళ్ల ముందు దాకా అక్కడ శిల్పులకు పని దొరుకుతూనే ఉంది.

4. పాలన, న్యాయం, మతం

మొదట్లో పాలకులు ప్రభువు అన్న బిరుదుతో సరిపెట్టుకున్నారు. నస్రు అనే ప్రభువు పేరు 2వ శతాబ్దపు కట్టడాలతో ముడిపడి ఉంది. సుమారు 176 నుంచి మొదటి సనత్రుక్ అరబ్బుల రాజు అన్న బిరుదు ధరించాడు. అతని తరవాత అబ్ద్‌సమియ, రెండవ సనత్రుక్ ఏలారు. బిరుదులో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. నగరానికి పెద్దగా ఉన్నవాడు చుట్టుపక్కల సంచార తెగలన్నిటికీ రాజుగా గుర్తింపు పొందాడని దీని అర్థం. రోమ్‌తో పోరు ముదిరిన కాలంలోనే ఈ మార్పు రావడాన్ని బట్టి, ఎడారి తెగలను తన వైపు నిలుపుకోవడానికి పార్థియన్ చక్రవర్తి ఈ హోదాను అంగీకరించి ఉంటాడని ఊహించవచ్చు.

నగర నిర్ణయాల్లో రాజు ఒక్కడే కనిపించడు. గోడ లోపల దొంగతనం చేసినవారికి మరణశిక్ష విధించే 2వ శతాబ్దపు శాసనాన్ని ఒక అధికారితోపాటు హత్రా పిన్నపెద్దలు, అరబ్బులు, నగరవాసులు కలిసి ప్రకటించినట్టు చెక్కారు. నేరస్థుడు స్థానికుడా, బయటివాడా అన్నదాన్ని బట్టి మరణశిక్ష విధానం మారుతుంది. ఊళ్లో స్థిరపడినవారు, బయట తిరిగే తెగలు ఒకే కట్టుబాటు కిందికి వచ్చినట్టు ఈ శాసనం చూపుతుంది. ఈ కట్టుబాటుకు ఆధారం మతం. మా ప్రభువు, మా దేవి, మా ప్రభువుల కుమారుడు అనే అర్థాలిచ్చే మారన్, మార్తన్, బర్మారెన్ అనే ముగ్గురు దేవతలకు ప్రధాన పూజలు జరిగేవి. వారితోపాటు షమష్, అరబ్బు దేవత అల్లాత్, మెసొపొటేమియా దేవుడు నెర్గల్, ఆకాశ దేవుడు బాల్షమిన్ కూడా పూజలందుకున్నారు. ఎవరి దేవుడికీ చోటు లేదనని నగరం కాబట్టే వేర్వేరు తెగలకు ఇది ఉమ్మడి క్షేత్రమైంది.

5. రక్షణ ఏర్పాట్లు

నగర ప్రాకారం చుట్టుకొలత సుమారు 6 కిలోమీటర్లు. రాతి పునాది మీద పచ్చి ఇటుకలతో లేపిన జంట గోడలు, వాటి ముందు కందకం, 160కి పైగా బురుజులు ఉన్నాయి. నాలుగు ద్వారాల్లోనూ దారి నేరుగా లోపలికి పోకుండా మలుపు తిరిగేలా కట్టారు. ఉత్తర ద్వారం దగ్గర 1970లలో ఒక పెద్ద విసురు యంత్రపు కంచు భాగాలు బయటపడ్డాయి. రోమన్ ప్రపంచపు యంత్రాలకు దీటైన ఆయుధాలు హత్రావారి దగ్గర ఉండేవని, వాటి గురించి నాటి రచనల్లోని వర్ణన కేవలం అతిశయోక్తి కాదని ఇది రుజువు చేసింది.

ఇంత గట్టి గోడలే హత్రాను కాపాడాయని అనుకోవడం సహజం. కాని కాలక్రమం ఈ అభిప్రాయానికి పూర్తిగా అనుకూలించదు. ప్రధాన ప్రాకారాన్ని, ద్వారాలను నస్రుతో ముడిపెట్టే శాసనాలు 138 ప్రాంతానివి. ట్రాజన్ ముట్టడి అంతకు సుమారు ఇరవై ఏళ్ల ముందు జరిగింది. పోలండ్ పురావస్తు బృందం జరిపిన తవ్వకాల్లో ఇప్పటి గోడకు లోపలివైపు ఇంకా పాత ప్రాకారం ఆనవాళ్లు బయటపడ్డాయి. ట్రాజన్ ఎదుర్కొన్నది ఆ పాత రక్షణనే కావాలి. అంటే, అంత గొప్ప గోడ లేనప్పుడే నగరం రోమన్ చక్రవర్తిని తిప్పికొట్టింది. మహాప్రాకారం ఉన్నప్పుడు ససానియన్లకు లొంగింది. గోడ అవసరమే, అదొక్కటే జయాపజయాలను తేల్చలేదు.

6. రోమన్ ముట్టడులు

116–117లో పార్థియన్ రాజధాని టెసిఫోన్‌ను పట్టుకున్న ట్రాజన్, వెనక లేచిన తిరుగుబాట్లను అణచే క్రమంలో హత్రా మీదికి వచ్చాడు. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో ప్రకారం, గుర్తుపట్టకుండా చక్రవర్తి తన రాజచిహ్నాలు తీసేసినా నెరిసిన జుట్టును బట్టి గుర్తించి బాణాలు వేశారు. పక్కనున్న రౌతు చనిపోయాడు. వడగళ్లు, ఉరుములు, తిండి మీదా నీటి మీదా మూగే ఈగలు సేనను వేధించాయి. నగరం పెద్దదీ కాదు, సంపన్నమైనదీ కాదని, చుట్టూ నీరు, కలప, మేత లేకపోవడమే పెద్ద సేన ముట్టడించకుండా దాన్ని కాపాడిందని డియో స్పష్టంగా రాశాడు. ట్రాజన్ వెనుదిరిగాడు, 117లోనే మరణించాడు.

తరవాతి కాలపు రోమన్ అంతర్యుద్ధంలో హత్రా రాజు సెవరస్ ప్రత్యర్థి పెసెన్నియస్ నైగర్‌కు విలుకాండ్రను పంపాడు. ఇది కూడా సెవరస్ దాడికి ఒక కారణం. 198 ప్రాంతంలో అతను రెండుసార్లు ముట్టడించాడు. మొదటిసారి ముట్టడి యంత్రాలు చాలావరకు కాలిపోయాయి. నగరవాసులు మండే నాఫ్తాను గుమ్మరించారని డియో, విషపు పురుగులు నింపిన కుండలు విసిరారని చరిత్రకారుడు హెరోడియన్ రాశారు. రెండోసారి గోడలో ఒక భాగం కూలింది. నగరం తనంతట తానే లొంగుతుందని, సూర్యదేవుడి ఆలయంలోని సొమ్ము దక్కుతుందని ఆశించి సెవరస్ దాడి ఆపించాడు. ఆ రాత్రే నగరవాసులు గోడ తిరిగి కట్టుకున్నారు. మరునాడు ఐరోపా సైనికులు దాడికి నిరాకరించారు, ముందుకు పంపిన సిరియా సైనికులు హతమయ్యారు. ఇరవై రోజులకు చక్రవర్తి ముట్టడి ఎత్తేశాడు.

ఈ వివరణల మీద ఒక ఆక్షేపణ ఉంది. ఓడిన పక్షపు చరిత్రకారులు తమ సేన వైఫల్యాన్ని వాతావరణం మీదికి, ఈగల మీదికి, పురుగుల మీదికి నెట్టి ఉండవచ్చు. ఈగలకూ పురుగులకూ ఆ అనుమానం వర్తిస్తుంది. కాని గోడ కూలిన తరవాత కూడా సేన కదలకపోవడం, ముట్టడి ఇరవై రోజులకే ముగియడం రోమ్ ప్రతిష్ఠను పెంచే విషయాలు కావు. సెవరస్ సమకాలికుడు, సెనేట్ సభ్యుడు అయిన డియో వాటిని దాచకుండా రాశాడు. గోడను పడగొట్టడం సాధ్యమేనని, గోడ ముందు నిలిచి ఉండడమే కష్టమని ఈ ముట్టడులు చెబుతున్నాయి.

7. పతనం

224లో ససానియన్ వంశస్థుడు అర్దషీర్ చివరి పార్థియన్ చక్రవర్తిని ఓడించడంతో హత్రా స్థితి తలకిందులైంది. పార్థియన్ వ్యవస్థలో లోబడిన రాజులు, స్వయంపాలన గల నగరాలు మామూలే. అర్దషీర్ అలాంటి రాజ్యాలను ఒక్కటొక్కటిగా తొలగించి కేంద్రాధికారాన్ని బలపరిచాడు. 229 ప్రాంతంలో అతని తొలి దాడిని హత్రా తిప్పికొట్టింది. ఆపై పాత శత్రువు రోమ్ వైపు మొగ్గింది. 235 నాటిది, మూడవ గోర్డియన్ కాలపుది సహా నగరంలో దొరికిన లాటిన్ శాసనాలు రోమన్ సైనికులు అక్కడ ఉన్నారని నిర్ధారిస్తాయి. వాటిలో ఆఫ్రికాకు చెందిన మూరుల పటాలం ప్రస్తావన ఉంది.

నగరం పడిన కాలాన్ని స్థిరపరిచింది గ్రీకులో ఉన్న ఒక మానికేయ మత గ్రంథం. కొలోన్‌లో భద్రపరచిన ఆ చిన్న చర్మపత్ర పుస్తకం, అర్దషీర్ హత్రాను పట్టుకున్న ఏడాదే అతని కుమారుడు షాపూర్ కిరీటం ధరించాడని చెబుతుంది. అది 240కి సరిపోతుంది. ముట్టడి తీరును నేలే చూపుతోంది. ప్రాకారానికి సుమారు అర కిలోమీటరు బయట నగరాన్ని చుట్టేసిన మట్టికట్ట, తూర్పున ఒక పెద్ద సైనిక శిబిరపు ఆనవాళ్లు ఉపగ్రహ చిత్రాల్లోనూ గుర్తుపట్టవచ్చు. ఇవి రోమన్ల పనే కావచ్చుగా అన్న సందేహం రావచ్చు. కాని ఇరవై రోజుల్లో ముగిసిన ముట్టడికి నగరాన్నంతా చుట్టే కట్ట అతకదు. బయటి నుంచి నీరు, తిండి తెచ్చుకుంటూ నెలల తరబడి ఉండగల సేనే అలాంటి కట్ట పోస్తుంది. రోమన్ సేన యూఫ్రటీస్ దాటి శత్రుభూమిలోకి వచ్చి పోరాడింది. ససానియన్లకు టైగ్రిస్ లోయ తమ సొంత నేల, అక్కడి నుంచి సరఫరాకు ఒకటి రెండు రోజుల ప్రయాణం చాలు.

రోమన్ పటాలం ఉన్నా నగరం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. పెద్ద రోమన్ సేన వచ్చి ముట్టడిని ఛేదిస్తే తప్ప చిన్న పటాలం వల్ల ప్రయోజనం లేదు. పైగా రోమన్ జెండా ఎగిరిన క్షణం నుంచి హత్రా ససానియన్లకు సామంత నగరం కాకుండా, తమ గడప ముందు వెలసిన శత్రుస్థావరం అయింది. దాన్ని వదిలిపెట్టడం వారికి అసాధ్యమైంది.

8. ద్రోహ గాథ

అరబ్బు, పారశీక సంప్రదాయం పతనానికి వేరే కారణం చెబుతుంది. 10వ శతాబ్దపు చరిత్రకారుడు అత్ తబరీ కథనంలో, దైజన్ అనే రాజు కుమార్తె నదీరా శత్రురాజు షాపూర్ మీద మోహంతో నగర రహస్యం చెప్పి పట్టించింది. పెళ్లాడిన తరవాత, కన్నతండ్రికే ద్రోహం చేసిందన్న కారణంతో షాపూర్ ఆమెను గుర్రానికి కట్టి చంపించాడు. ఫిర్దౌసీ షానామాలో ఇలాంటి కథ పేర్లు మారి, రెండవ షాపూర్ కాలానికి చేరింది. ముట్టడి రెండేళ్లు సాగిందని, నాలుగేళ్లు సాగిందని లెక్కలు కూడా మారుతాయి.

కోటలు లోపలివారి సాయంతో పడిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి కాబట్టి ద్రోహం అసంభవం కాదు. కాని శత్రువును ప్రేమించి తండ్రి నగరాన్ని అప్పగించే కూతురి కథ గ్రీకుల మెగారా నగరపు గాథలోనూ ఉంది. ఊళ్లు మారినా కథనం మారని ఇలాంటి గాథను ఒక నగరానికి ప్రత్యక్ష సాక్ష్యంగా తీసుకోలేం. అయినా ఆ గాథకు విలువ లేకపోలేదు. అది సనత్రుక్ పేరు ఛాయను ఒక పాఠాంతరంలో సాతిరూన్‌గా నిలుపుకుంది, ముట్టడి దీర్ఘంగా సాగిందన్న స్మృతిని కాపాడింది. మట్టికట్ట చెప్పే సంగతితో ఈ స్మృతి సరిపోతుంది.

9. పోల్చదగిన నగరాలు

పాల్మైరాను 272లో రోమన్ చక్రవర్తి ఆరేలియన్ లొంగదీశాడు, 273లో తిరుగుబాటు తరవాత కొల్లగొట్టాడు. అయినా డయోక్లీషియన్ కాలంలో రోమన్ సరిహద్దు శిబిరంగా అది కొనసాగింది. యూఫ్రటీస్ మీది దురా యూరోపోస్ 256 ప్రాంతంలో ససానియన్ల ముట్టడికి పడి హత్రాలాగే శాశ్వతంగా ఖాళీ అయింది. రాజస్థాన్‌లో 1156లో స్థాపించినట్టు సంప్రదాయం చెప్పే జైసల్మేర్ కోటలో ఇప్పటికీ జనం నివసిస్తున్నారు. దాని పాలకులు మారిన అధికారాలతో సర్దుకున్నారు, 1818లో ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. గెలిచిన శక్తికి ఆ చోటుతో పని ఉంటే ఎడారి నగరం ఓటమి తరవాత కూడా బతుకుతుంది. హత్రా విషయంలో ససానియన్లకు ఆ అవసరం లేదు. సరిహద్దు పోరు ఉత్తరాన నిసిబిస్, సింగారాల వైపు సాగింది. 363లో రోమన్ చక్రవర్తి జోవియన్ సేన ఈ దారిన వెళ్లినప్పుడు నగరం ఎప్పుడో పాడుబడి ఉందని చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్ రాశాడు.

10. తవ్వకాలు, విధ్వంసం, పరిరక్షణ

19వ శతాబ్దంలో యాత్రికులు శిథిలాలను వర్ణించారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, అషూర్‌లో తవ్వకాలు జరుపుతున్న జర్మన్ పండితుడు వాల్టర్ ఆండ్రే హత్రా పటాలను, కట్టడాల కొలతలను ప్రచురించాడు. 1951 నుంచి ఇరాక్ పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు, పునరుద్ధరణ చేపట్టింది. తరవాత ఇటలీ, పోలండ్ బృందాలు పాలు పంచుకున్నాయి. 2015లో ఐసిస్ ఉగ్రవాదులు ఇక్కడి శిల్పాలను పగలగొట్టి ఆ దృశ్యాలను ప్రచారం చేశారు. మోసుల్ మ్యూజియంలోని హత్రా విగ్రహాలనూ ధ్వంసం చేశారు. అదే ఏడాది యునెస్కో ఈ స్థలాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేర్చింది. 2017 ఏప్రిల్‌లో ఇరాక్ బలగాలు తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. శిల్పాలకు తీవ్ర నష్టం జరిగినా ప్రధాన కట్టడాలు చాలావరకు నిలిచే ఉన్నాయని పరిశీలనలో తేలింది. పగిలిన శిల్పాల్లో కొన్నిటిని తిరిగి అతికించారు.

11. ప్రాముఖ్యం

పార్థియన్ కాలపు వాస్తుకు, అరమాయిక్ లిపికి, ఇస్లాంకు పూర్వపు అరబ్బు మతానికి హత్రా ప్రధాన ఆధారం. రాతి ఇవాన్‌ల వల్ల తరవాతి పారశీక, ఇస్లామిక్ వాస్తు చరిత్రలో దానికి స్థానముంది. యుద్ధ చరిత్రలో దాని విలువ మరొకటి. రెండు సామ్రాజ్యాలతో తలపడిన నగరం కావడం వల్ల, కోట బలాన్ని దాని గోడలతో కొలవడం ఎంతవరకు సబబో ఇక్కడ పరీక్షించి చూడవచ్చు. ఆ పరీక్షలో గోడలు, ధనం, ద్రోహం తమ తమ వంతుగా కొంత వివరిస్తాయి. శత్రువుకు దగ్గరలో సరఫరా ఉందా, నగరం స్వేచ్ఛగా ఉండడాన్ని పొరుగు సామ్రాజ్యం సహిస్తుందా అన్న రెండు ప్రశ్నలు మాత్రం నాలుగు ముట్టడుల ఫలితాన్నీ వివరిస్తాయి.